కింద పడ్డ బియ్యపు గింజ

నా లంచ్ ఎప్పుడూ ల్యాప్‌టాప్ ముందే. ఎడమ చేత్తో మౌస్, కుడి చేత్తో ముద్ద. మొన్న సాయంత్రం అమ్మ కూర ఎలా ఉందని అడిగింది. పొద్దున్నే లేచి వండి బాక్స్ పెట్టింది కదా! ఏ కూరో గుర్తులేక, బాగుందని అబద్ధం చెప్పేశా. ఆ రాత్రి రమణ మహర్షి జీవితం చదువుతూ కూర్చున్నా.

16 ఏళ్ల వయసులో మదురైలో ఇల్లు వదిలి, 1896 సెప్టెంబర్ 1న తిరువణ్ణామలై చేరారాయన. 1950లో సిద్ధి పొందేదాకా అరుణాచలం వదల్లేదు. మొదట్లో భిక్షకి వెళ్తే దోసిట్లో పెట్టింది వీధిలోనే నిలబడి తినేవారు. తర్వాత తల్లి అళగమ్మ వచ్చి స్కందాశ్రమంలో వంట మొదలుపెట్టారు.

దేశదేశాల నుంచి జనం వస్తున్న రోజుల్లో కూడా ఆయన తెల్లవారకముందే వంటింట్లో కూర్చుని కూరలు తరిగేవారు. ధ్యానమంటే కళ్లు మూసుకోవడమే అనుకునేవాణ్ణి నేను! పంక్తిలో తనకి ఎక్కువ వడ్డిస్తే ఒప్పుకునేవారు కాదు. నేలమీద బియ్యపు గింజలు కనిపిస్తే ఒక్కొక్కటే ఏరేవారు.

నేను ఆ గింజల దగ్గరే ఆగిపోయా.

ఇవాళ ల్యాప్‌టాప్ మూసి తిన్నాను. దొండకాయ వేపుడు. ఉప్పు కాస్త తక్కువైంది. అమ్మకి అదే చెప్పాను.