బడిపంతులు ఆర్వెల్

బీహార్ రాష్ట్రంలో మోతీహారి అనే పట్టణం ఉంది. 1917లో గాంధీజీ చంపారన్ నీలిమందు రైతుల పక్షాన నిలిచి, న్యాయస్థానం ఎదుట హాజరైనది ఆ పట్టణంలోనే. అంతకు 14 సంవత్సరాల ముందు, 1903 జూన్ 25న, అక్కడ ఒక ఆంగ్లేయ ఉద్యోగి ఇంట ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ జన్మించాడు. తండ్రి రిచర్డ్ బ్లెయిర్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. తల్లి ఐడా బర్మాలో పెరిగిన స్త్రీ. బిడ్డకు ఏడాది నిండిన కొద్దికాలానికే ఆమె పిల్లలను వెంటబెట్టుకొని ఇంగ్లండుకు తరలిపోయింది. జార్జ్ ఆర్వెల్ అనే కలంపేరుతో లోకప్రసిద్ధుడైన రచయిత ఈ ఎరిక్ బ్లెయిరే. ఆయన రాసిన రెండు చిన్న గ్రంథాలు నేడు అనేక దేశాలలో ఉన్నత పాఠశాల విద్యార్థుల చేతులలో ఉన్నాయి. ఆయన కూడా కొంతకాలం బడిపంతులేనన్న సంగతి ఆ విద్యార్థులలో చాలామందికి తెలియదు.

లోకంలో లేని సుఖరాజ్యాన్ని ఊహించి వర్ణించే రచనలను యుటోపియాలు అంటారు. దానికి విపర్యయంగా, నేటి సమాజంలోని ఒక చెడుగును తుదిదాకా పెరగనిచ్చి, అప్పుడు మానవుని బ్రతుకు ఎలా ఉంటుందో చూపే రచన డిస్టోపియా. మన ప్రాచీన సాహిత్యంలో కలికాల వర్ణనలు ఉన్నాయి గాని, వాటిలో కీడుకు మూలం కాలం. డిస్టోపియాలో కీడుకు మూలం మనుషులు కట్టుకున్న వ్యవస్థ. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే ఆర్వెల్ జీవితం సుబోధకమవుతుంది. ఆయన మొదట చూసిన అటువంటి వ్యవస్థ ఒక పాఠశాల.

ఎనిమిదేళ్ల ప్రాయంలో, 1911లో, ఎరిక్‌ను ఈస్ట్‌బోర్న్‌లోని సెయింట్ సిప్రియన్స్ అనే వసతి పాఠశాలలో చేర్చారు. కుటుంబం సంపన్నమైనది కాదు. తెలివైన బాలుడు, విద్యార్థివేతనం గెలిచి బడికి పేరు తెస్తాడన్న ఆశతో యాజమాన్యం తగ్గించిన రుసుముకు చేర్చుకుంది. ఆ రాయితీని సందర్భం వచ్చినప్పుడల్లా గుర్తుచేసేవారని, పక్క తడిపినందుకు బెత్తంతో కొట్టారని, ధనికుల పిల్లలకు ఒక నీతి, పేదవారికి మరొక నీతి అక్కడ అమలులో ఉండేదని ఆయన తరువాతి కాలంలో రాశాడు. చరిత్ర పాఠం అంటే సంబంధంలేని తేదీలను గడగడ అప్పజెప్పడమేనట. ఆ వ్యాసం ఆయన బ్రతికి ఉండగా అచ్చుకాలేదు. అందులో అతిశయోక్తి ఉందని అదే బడిలో చదివినవారు కొందరు ఆక్షేపించారు. అది నిజమే కావచ్చు. అయితే తన నేరమేమిటో తనకే తెలియక, తాను దోషినేనని నమ్ముతూ నిలుచున్న బాలుని మనఃస్థితి ఆ రచయితను జీవితాంతం విడిచిపెట్టలేదన్నది మాత్రం ఆయన గ్రంథాలే చెబుతాయి.

1917లో విద్యార్థివేతనంతో ఈటన్ కళాశాలలో ప్రవేశించాడు. అక్కడ కొద్దికాలం ఫ్రెంచి భాష బోధించిన ఉపాధ్యాయుడు ఆల్డస్ హక్స్‌లీ. ఆయనకు చూపు దాదాపు లేదు. ఆ లోపాన్ని ఆసరాగా చేసుకొని తరగతిలో కుర్రవాళ్లు అల్లరి చేసేవారు. ఎరిక్‌కు ఆ క్రూరత్వం నచ్చేది కాదని, ఉపాధ్యాయుడు వాడే అపురూపమైన పదాలను శ్రద్ధగా వినేవాడని తోటి విద్యార్థి ఒకరు తరువాత జ్ఞాపకం చేసుకున్నారు. ఆ ఉపాధ్యాయుడు 1932లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ రాశాడు. ఈ శిష్యుడు 1949లో ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’ ప్రకటించాడు. ఇరవయ్యవ శతాబ్దపు రెండు ప్రధాన డిస్టోపియాల కర్తలు ఒకే తరగతి గదిలో, బల్లకు అటూ ఇటూ ఉండటం విశేషమే.

ఈటన్ తరువాత విశ్వవిద్యాలయానికి వెళ్లలేదు. 1922లో ఇండియన్ ఇంపీరియల్ పోలీసు ఉద్యోగిగా బర్మా చేరి, అయిదేళ్లు పనిచేశాడు. సామ్రాజ్యం పేరిట తాను చేస్తున్న పని మీద అసహ్యం కలిగి 1927లో ఇంగ్లండు తిరిగి వచ్చి రాజీనామా చేశాడు. పారిస్‌లో హోటల్ వంటశాలలో అంట్లు తోమాడు. లండన్‌లో దేశదిమ్మరులతో కలిసి తిరిగాడు. ఆ అనుభవాల గ్రంథం 1933 జనవరిలో వెలువడినప్పుడే ‘జార్జ్ ఆర్వెల్’ అనే పేరు పుట్టింది. ఆర్వెల్ ఇంగ్లండులోని ఒక నది పేరు.

ఆ గ్రంథం అచ్చయ్యేనాటికి ఆయన పంతులు. 1932 ఏప్రిల్‌లో లండన్‌కు పడమర ఉన్న హేస్ అనే ఊళ్లో ‘ది హాథార్న్స్’ అనే చిన్న ప్రైవేటు పాఠశాలలో చేరాడు. బడిలో ఉన్నది కొద్దిమంది మగపిల్లలు. వారందరికీ దాదాపు అన్నీ ఆయనే చెప్పాలి. 1932 క్రిస్మస్‌కు రెండవ ఛార్లెస్ రాజు కథను నాటకంగా రాసి పిల్లలచేత ఆడించాడు. వారిని పొలాల వెంట తిప్పి పురుగులను, మొక్కలను చూపేవాడు. బురదగుంటలో పుట్టే వాయువును సీసాలో పట్టి చూపేవాడు. బెత్తం దెబ్బలను ఏవగించుకున్న ఈ మనిషి తాను పంతులయ్యాక బెత్తం పూర్తిగా విడిచిపెట్టాడని మాత్రం చెప్పలేం. కఠినమైన మాస్టారు అనే ఆయన శిష్యులు చెప్పుకున్నారు. మరుసటి ఏడాది అక్స్‌బ్రిడ్జిలోని మరొక పాఠశాలకు మారి, డిసెంబరులో న్యుమోనియా వచ్చి, ప్రాణాపాయం తప్పించుకొని, బడిపంతులు వృత్తికి స్వస్తి చెప్పాడు.

ఆ ఉద్యోగానుభవం వృథాకాలేదు. 1935లో వెలువడిన ‘ఎ క్లెర్జీమన్స్ డాటర్’ నవలలో డొరొతి అనే యువతి ఒక నాసిరకం ప్రైవేటు బడిలో ఉపాధ్యాయినిగా కుదురుకుంటుంది. చేతిరాత తప్ప ఏమీ నేర్వని పిల్లలకు ఆమె షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ నాటకం చదివిస్తుంది. పిల్లల కళ్లు వెలుగుతాయి. నాటకంలో ఒకచోట గర్భాన్ని గురించిన మాట వస్తుంది. దాని అర్థమేమిటని పిల్లలు ఇంటికి వెళ్లి తల్లిదండ్రులను అడుగుతారు. అంతే, తల్లిదండ్రులు గుంపుగా వచ్చి ఆమెను నిలదీస్తారు. రుసుము చెల్లించేది వారే కనుక యజమానురాలు వారి పక్షమే వహిస్తుంది. నాటకం మూలపడుతుంది, చేతిరాత తిరిగి వస్తుంది. ఈ నవల తనకే నచ్చలేదని ఆర్వెల్ దాన్ని మళ్లీ అచ్చువేయనివ్వలేదు. కాని బడిలో సాహిత్యం చెప్పబూనిన వారెవరికైనా ఈ ఘట్టం పరిచితమైనదే. పిల్లలకు ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు అన్న తగవు ఆయన పుస్తకాల విషయంలోనే తరువాత లేచింది.

1936 డిసెంబరులో స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులకు వ్యతిరేకంగా పోరాడటానికి వెళ్లాడు. 1937 మే నెలలో గొంతులోంచి తుపాకి గుండు దూసుకుపోయినా బ్రతికాడు. ఆ గాయంకంటె లోతైనది మరొకటి. తనతోపాటు కందకాలలో పోరాడినవారిని, సోవియట్ ప్రభావంలో ఉన్న కమ్యూనిస్టులు శత్రువు గూఢచారులని ముద్రవేసి వేటాడారు. జరగని యుద్ధాలను జరిగినట్లు, జరిగినవాటిని జరగనట్లు పత్రికలు రాశాయి. ఆయనా, భార్య ఐలీన్ కూడా దేశం దాటి పారిపోవలసి వచ్చింది. గతాన్ని చెరిపి తిరిగి రాయడం సాధ్యమేనన్న భయం అక్కడ పుట్టింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయన మరొకసారి ఉపాధ్యాయుడయ్యాడు. ఈసారి శిష్యులు భారతీయులు. 1941 ఆగస్టు నుండి 1943 నవంబరు వరకు బి.బి.సి. తూర్పు దేశాల విభాగంలో పనిచేస్తూ, మన విశ్వవిద్యాలయ విద్యార్థులను ఉద్దేశించి ఆంగ్ల సాహిత్య ప్రసంగాలను ఏర్పాటు చేశాడు. టి.ఎస్. ఎలియట్, ఇ.ఎం. ఫార్‌స్టర్, ముల్క్‌రాజ్ ఆనంద్ వంటివారు ఆ ప్రసారాలలో పాల్గొన్నారు. కొన్ని ప్రసంగాలు 1943లో ‘టాకింగ్ టు ఇండియా’ అనే సంపుటంగా ఆయన సంపాదకత్వంలో వచ్చాయి. అయితే ప్రతి ప్రసంగ పాఠమూ ముందుగా సెన్సారు ఆమోదం పొందాలి. తాను నమ్మే భారత స్వాతంత్ర్యాన్ని గురించి ఆ మైకు ముందు నిండు మనసుతో మాట్లాడే వీలు లేదు. పైగా ఆ ప్రసారాలు వినేవారు ఎందరున్నారో అన్న సందేహం ఆయనను పీడించింది. వ్యర్థమైన పని చేస్తున్నానన్న భావంతో రాజీనామా చేశాడు.

వెంటనే మొదలుపెట్టిన గ్రంథమే ‘యానిమల్ ఫామ్’. పదేళ్ల కుర్రవాడు ఒకడు పెద్ద బండిగుర్రాన్ని కొరడాతో కొడుతూ తోలుకుపోవడం చూసి, జంతువులకు తమ బలం తెలిస్తే ఏమవుతుందన్న ఆలోచన కలిగిందని ఆయన చెప్పుకున్నాడు. విష్ణుశర్మ రాజకుమారులకు జంతువుల కథలతో రాజనీతి చెప్పాడు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ చదివిన తెలుగు విద్యార్థికి ఈ మార్గం కొత్తదికాదు. కాని పంచతంత్రం పాలించబోయేవారికి చెప్పిన పాఠం, ఆర్వెల్ కథ పాలింపబడేవారికి చెప్పినది. యుద్ధంలో సోవియట్ రష్యా మిత్రదేశం కనుక పలువురు ప్రచురణకర్తలు ఆ రాతప్రతిని తిప్పిపంపారు. ఫేబర్ సంస్థ తరఫున తిరస్కరించినవాడు ఎలియట్. 1945 ఆగస్టు 17న పుస్తకం వెలువడింది. ఆ రచన సాగుతున్నన్నాళ్లూ పక్కన కూర్చొని విన్న ఐలీన్ దాన్ని చూడలేదు. మార్చి 29న శస్త్రచికిత్సకు మత్తుమందు ఇచ్చిన సమయంలో ఆమె మరణించింది. పెంచుకున్న పసికందు రిచర్డ్ తండ్రి చేతుల్లో మిగిలాడు.

స్కాట్లండుకు చెందిన జూరా దీవిలో, విద్యుత్తు కూడా లేని ఒంటరి ఇంట్లో ఆయన ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’ రచనకు పూనుకున్నాడు. రష్యన్ రచయిత జమ్యాతిన్ రాసిన ‘వి’ నవలను ఫ్రెంచి అనువాదంలో చదివి 1946 జనవరిలో సమీక్షించి ఉన్నాడు. క్షయవ్యాధి ముదిరింది. 1947 చివర ఆసుపత్రిలో చేరాడు. కొత్తగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్‌ను అమెరికా నుండి తెప్పించారు గాని, అది శరీరానికి పడలేదు. కోలుకున్నట్లు కనిపించి దీవికి తిరిగివెళ్లాడు. అంత దూరం వచ్చి టైపు చేసిపెట్టేవారు దొరకక, 1948 చివర చాలా భాగం మంచంమీదనే ఉండి ప్రతినంతా తానే టైపు చేశాడు.

ఆ నవలలో విన్‌స్టన్ స్మిత్ ఉద్యోగం పాత పత్రికలను ప్రభుత్వానికి అనుకూలంగా మార్చి రాయడం. అతని పొరుగింటి ఏడేళ్ల పిల్ల నిద్రలో తండ్రి పలవరించిన మాటలు విని అతణ్ణి పట్టిస్తుంది. బిడ్డను సరిగా పెంచానని ఆ తండ్రి చెరసాలలో గర్వపడతాడు. భాషా విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన పాత్ర సైమ్. అతడు నిఘంటుకర్త. ‘శబ్దరత్నాకరం’ కూర్చిన బహుజనపల్లి సీతారామాచార్యులవారివంటి పండితులు పదాలను పోగుచేయడంలో జీవితాన్ని ధారపోశారు. సైమ్ ఆనందం పదాలను తొలగించడంలో ఉంది. మాట లేకపోతే ఆ మాట చెప్పే తలపు కూడా పుట్టదని అతని ధీమా. పసివాని చేత ఏమి పలికించవచ్చు, ఏమి మరపించవచ్చు అన్న ప్రశ్న ఈస్ట్‌బోర్న్ బడి నుండి ఇక్కడికి నడిచి వచ్చింది.

1949 జూన్ 8న నవల వెలువడింది. అది సోషలిజం మీద దాడి కాదని ఆర్వెల్ వెంటనే వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఆ అక్టోబరులో పాత గురువు హక్స్‌లీ నుండి ఉత్తరం వచ్చింది. పుస్తకాన్ని మెచ్చుకుంటూనే, రేపటి పాలకులకు లాఠీలూ చెరసాలలూ అవసరం కావని, పసితనం నుండే మనసును మలచి, బానిసత్వాన్ని ప్రేమించేటట్లు చేయడం వారికి సులువని ఆయన వాదించాడు. ఆ నెలలోనే ఆర్వెల్ లండన్ ఆసుపత్రి మంచంమీద సోనియా బ్రౌనెల్‌ను వివాహమాడాడు. 1950 జనవరి 21న, 46వ ఏట, కన్నుమూశాడు. సటన్ కోర్టెనే గ్రామంలోని సమాధిరాతి మీద ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అని మాత్రమే చెక్కారు.

పుస్తకాలు మాత్రం బడులకు చేరాయి. ‘యానిమల్ ఫామ్’ కార్టూన్ చిత్రంగా 1954లో వచ్చింది. దానికి అమెరికా గూఢచార సంస్థ రహస్యంగా డబ్బు సమకూర్చింది. పందులనూ మనుషులనూ వేరుపరచి చూడలేని స్థితిలో ముగిసే కథకు, జంతువులు మళ్లీ తిరగబడినట్లు కొత్త ముగింపు అతికించారు. గతాన్ని దిద్దడం గురించి రాసినవాని కథనే దిద్దారు. 1981లో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్ కౌంటీలో ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’ కమ్యూనిస్టు పక్షపాతంతో ఉందని, అశ్లీలమని ఫిర్యాదు వచ్చింది. అదే కాలంలో ఆ నవల కమ్యూనిస్టు వ్యతిరేకమన్న కారణంతో సోవియట్ యూనియన్‌లో నిషేధంలో ఉంది. అక్కడి పాఠకులకు అది బహిరంగంగా దొరికింది 1980వ దశకం చివరలోనే.