క్లోడ్ బూర్జెలా

క్లోడ్ బూర్జెలా (మార్చి 27, 1712 - జనవరి 3, 1779) ఫ్రాన్సు దేశానికి చెందిన అశ్వశాస్త్రవేత్త, రచయిత, విద్యా సంస్థల స్థాపకుడు. ప్రపంచంలో మొట్టమొదటి పశువైద్య విద్యాలయాన్ని లియోన్ నగరంలో స్థాపించిన వ్యక్తిగా ప్రసిద్ధి చెందాడు. పారిస్ సమీపంలోని ఆల్ఫోర్ పశువైద్య విద్యాలయానికి కూడా ఆయనే మూలపురుషుడు. పశువుల చికిత్స అంతవరకు అనుభవం మీద ఆధారపడిన చేతిపనిగా ఉండేది. దానిని నిర్ణీత పాఠ్యక్రమం, పరీక్ష, ధ్రువపత్రం, ప్రవర్తనా నియమావళి గల వృత్తిగా రూపొందించడం ఆయన సాధించిన ముఖ్య విజయం. ఆయన పేరుతో ప్రసిద్ధమైన మందు గాని, ఆయన కనుగొన్న రోగకారణం గాని ఏదీ లేదు. వైద్యుని తయారు చేసే పద్ధతిని కనుగొన్నవాడిగానే చరిత్రలో నిలిచాడు.

నేపథ్యం

18వ శతాబ్దపు ఐరోపాలో వ్యవసాయం, రవాణా, సైన్యం మూడూ పశువులపైనే ఆధారపడి ఉండేవి. గుర్రాలకు జబ్బు చేస్తే నాడాలు కొట్టే కమ్మరులు, అశ్వశాలల అధికారులు చికిత్స చేసేవారు. ఆవులు, ఎద్దులు, గొర్రెల విషయంలో గొల్లలు, గ్రామాలలోని నాటువైద్యులు తప్ప వేరే దిక్కు ఉండేది కాదు. వైద్య విద్యాలయాలలో చదివిన వైద్యులు పశువులను తాకడం తమ హోదాకు తగని పనిగా భావించేవారు.

అదే శతాబ్దంలో ముసర వ్యాధి ఐరోపాను పలుమార్లు చుట్టుముట్టింది. ఈ మహమ్మారి వల్ల ఆ శతాబ్దంలో ఐరోపాలో సుమారు 20 కోట్ల పశువులు మరణించాయని ఒక అంచనా. ఎద్దులు చనిపోతే దుక్కి ఆగిపోయేది, పేడ లేక పొలం నిస్సారమయ్యేది, పన్నులు వసూలయ్యేవి కావు. కాబట్టి పశువుల ఆరోగ్యం రైతు సమస్యగానే కాక రాజ్య ఖజానా సమస్యగా కూడా మారింది. బూర్జెలా ప్రయత్నానికి రాజాశ్రయం దొరకడానికి ఇదే ప్రధాన కారణం.

తొలి జీవితం

బూర్జెలా లియోన్ నగరంలో ఒక సంపన్న వర్తక కుటుంబంలో జన్మించాడు. తండ్రి పియేర్ బూర్జెలా నగరపాలక సభలో సభ్యుడుగా పనిచేశాడు. క్లోడ్ యౌవనంలో న్యాయవాదిగా ఉండేవాడని, ఒక వ్యాజ్యంలో అన్యాయమైన పక్షం తరఫున వాదించి గెలిచినట్లు తెలుసుకొని ఆ వృత్తిని వదిలివేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దీనికి గట్టి ఆధారాలు లేవని తరువాతి చరిత్రకారులు భావించారు.

1740లో ఆయన లియోన్ గుర్రపుస్వారీ విద్యాలయానికి అధిపతిగా నియమితుడయ్యాడు. కులీన యువకులకు స్వారీ, కత్తిసాము, సంగీతం, గణితం, మర్యాదలు నేర్పే సంస్థ అది. ఆయన అధ్వర్యంలో అది మంచి పేరు పొందింది. ఒక విద్యాలయాన్ని నడపడం, ఉపాధ్యాయులను ఎంచుకోవడం, నియమాలు ఏర్పరచడం, ఖర్చులు లెక్కవేయడం వంటి పనులలో బూర్జెలాకు ఇక్కడే ఇరవై ఏళ్లకు పైగా అనుభవం లభించింది.

రచనలు, పరిశోధన

1744లో ఆయన గుర్రపుస్వారీ కళపై తన మొదటి గ్రంథాన్ని ప్రచురించాడు. పూర్వ శతాబ్దపు ఇంగ్లీషు అశ్వకళా నిపుణుడు న్యూకాజిల్ ప్రభువు పద్ధతిని అనుసరించిన గ్రంథం ఇది. తరువాత ఆయన దృష్టి స్వారీ నుండి గుర్రపు శరీరం మీదికి మళ్లింది. ఆనాటి అశ్వవైద్య గ్రంథాలు ఒకదానిని చూసి మరొకటి రాసినవని, శరీర నిర్మాణం తెలియకుండా రోగం తెలియదని ఆయన గ్రహించాడు. లియోన్ నగరంలోని శస్త్రవైద్యులు క్లోడ్ పూతో, షార్మెతోన్‌ల సహాయంతో గుర్రాల కళేబరాలను కోసి పరిశీలించాడు. ఈ కృషి ఫలితంగా అశ్వవైద్యంపై మూడు సంపుటాల గ్రంథం 1750-1753 మధ్య వెలువడింది.

ఈ గ్రంథం ఆయనకు పండితలోకంలో స్థానం కల్పించింది. 1752లో పారిస్ రాజ విజ్ఞాన అకాడమీ ఆయనను ఉత్తరప్రత్యుత్తర సభ్యుడిగా ఎన్నుకొన్నది. దిదెరో, దాలంబేర్ సంపాదకత్వంలో వెలువడిన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి ఆయన గుర్రాలు, స్వారీ, నాడాలు, అశ్వరోగాల గురించి 200కు పైగా వ్యాసాలు అందించాడు. మనుషుల వైద్యం, పశువుల వైద్యం ఒకదానికొకటి వెలుగునిచ్చే శాస్త్రాలని ఆయన ప్రతిపాదించాడు.

లియోన్ విద్యాలయ స్థాపన

బూర్జెలా ఆలోచన కార్యరూపం దాల్చడానికి హెన్రీ లియోనార్ బెర్తాన్ స్నేహం ఎంతో తోడ్పడింది. బెర్తాన్ 1754 నుండి లియోన్ ప్రాంతానికి రాజప్రతినిధిగా పనిచేశాడు. 1759లో ఫ్రాన్సు దేశానికి ఆర్థిక వ్యవహారాల అధిపతి అయ్యాడు. వ్యవసాయాభివృద్ధిపై ఆసక్తి గల బెర్తాన్, పశువ్యాధుల నివారణకు శిక్షణ పొందినవారు అవసరమన్న బూర్జెలా వాదాన్ని అంగీకరించాడు.

1761 ఆగస్టు 4న రాజమండలి ఉత్తర్వు ద్వారా లియోన్ నగరంలో పశువైద్య విద్యాలయం ప్రారంభించడానికి అనుమతి లభించింది. ఆరు సంవత్సరాలకు 50,000 లివ్రల ధనసహాయం మంజూరైంది. నగర శివారులోని గియోతియేర్ ప్రాంతంలో, పూర్వం సత్రంగా ఉన్న భవనంలో 1762 ఆరంభంలో తరగతులు మొదలయ్యాయి. అక్కడ అశ్వశాల, రోగి పశువుల చికిత్సాలయం, కళేబరాలను కోసే గది, మందుల తయారీ గది, ఔషధ మొక్కల తోట, నాడాల కొలిమి అన్నీ ఒకేచోట ఏర్పాటయ్యాయి.

బోధనా పద్ధతి

బూర్జెలా ఎంచుకొన్న విద్యార్థులు కులీనులు కారు. ఎక్కువమంది చదవడం, రాయడం వచ్చిన గ్రామీణ యువకులు. కమ్మరుల కుమారులు కూడా వారిలో ఉండేవారు. పలు ప్రాంతాల పాలనాధికారులు తమ ప్రాంతం తరఫున విద్యార్థులను ఎంపిక చేసి, వారి ఖర్చు భరించి పంపేవారు. చదువు ముగిసిన తరువాత విద్యార్థి సొంత ప్రాంతానికి తిరిగి వెళ్లి పనిచేయాలన్నది ఇందులోని ఉద్దేశం.

బోధనలో చేతిపనికి ప్రాధాన్యం ఉండేది. విద్యార్థులు గుర్రపు ఎముకలు, కండరాలు, రక్తనాళాలను స్వయంగా కోసి చూసేవారు. మొక్కలను గుర్తించి, మందులు నూరి, కట్లు కట్టి, కొలిమి దగ్గర నాడా తయారు చేసేవారు. పై తరగతి విద్యార్థులు కింది తరగతివారికి పాఠాలు చెప్పేవారు. ఉపాధ్యాయుల కొరతను ఈ ఏర్పాటు తీర్చడమే కాక, నేర్చినవాడు బోధించడం ద్వారా తన విద్యను మరింత గట్టిపరచుకొనేవాడు. పౌరుల సమక్షంలో పోటీ పరీక్షలు జరిపి బహుమతులు ఇచ్చేవారు. పాఠ్యగ్రంథాలు లేని విద్య కనుక బూర్జెలా స్వయంగా ఔషధాలు (1765), గుర్రపు బాహ్య స్వరూపం, కట్లు (1770), నాడాలు (1771) మొదలైన విషయాలపై పుస్తకాలు రాశాడు.

1762 వేసవిలో దోఫినే ప్రాంతంలోని మేజియూ గ్రామంలో పశువ్యాధి ప్రబలినప్పుడు, చేరి కొద్ది నెలలే అయిన విద్యార్థులను అక్కడికి పంపారు. ఇటువంటి యాత్రలలో ఎన్ని పశువులకు చికిత్స జరిగినది, ఎన్ని కోలుకొన్నవి, ఎన్ని మరణించినవి అనే లెక్కలను స్థానిక అధికారుల ధ్రువీకరణతో సమర్పించే పద్ధతి ఏర్పడింది. ఈ లెక్కలు పత్రికలలో ప్రచురితమయ్యాయి. వాటిలో కనబడే విజయాల శాతాన్ని నేటి చరిత్రకారులు జాగ్రత్తగా చూస్తారు. తేలికపాటి వ్యాధులు వాటంతట అవే తగ్గి ఉండవచ్చు. పైగా ఆ లెక్కలు విద్యాలయానికి ప్రచారంగా కూడా ఉపయోగపడ్డాయి. అయినా చేసిన చికిత్సకు లెక్క చెప్పవలసిన బాధ్యతను పశువైద్యునికి నేర్పినవి అవే.

1764లో లియోన్ సంస్థకు రాజ విద్యాలయం అనే బిరుదు లభించింది. అదే సంవత్సరం బూర్జెలా రాజ పశువైద్య విద్యాలయాలకు సర్వాధికారిగా నియమితుడయ్యాడు. నాలుగేళ్ల చదువు పూర్తి చేసినవారికి రాజు పేరుతో ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు 1766లో జరిగింది.

ఆల్ఫోర్ విద్యాలయం

రెండవ విద్యాలయం స్థాపన కోసం బూర్జెలా 1765లో పారిస్ చేరుకొన్నాడు. సేన్, మార్న్ నదుల సంగమానికి దగ్గరలో ఉన్న ఆల్ఫోర్ కోటను కొనుగోలు చేసి 1766లో విద్యాలయాన్ని అక్కడ నెలకొల్పారు. శరీర నిర్మాణ శాస్త్రాన్ని ఒనొరే ఫ్రాగొనార్ బోధించాడు. ఆయన భద్రపరచిన కళేబర నమూనాలలో కొన్ని నేటికీ ఆల్ఫోర్ ప్రదర్శనశాలలో ఉన్నాయి.

వివాదాలు

బూర్జెలా దక్షుడైన పాలకుడే గాని, తనతో విభేదించినవారిని సహించేవాడు కాడు. లియోన్ విద్యాలయాన్ని నడపడానికి తన స్థానంలో వచ్చిన మతాచార్యుడు, వృక్షశాస్త్రవేత్త రోజియే 1769లో పదవి కోల్పోయాడు. ఫ్రాగొనార్ కూడా 1771లో తొలగింపబడ్డాడు. ఇద్దరు సమర్థులైన ఉపాధ్యాయులు దూరం కావడం విద్యాలయాలకు నష్టమే అయింది.

బయటినుండి వచ్చిన విమర్శ ఇంకా తీవ్రమైనది. పారిస్ నగరపు అశ్వవైద్య కుటుంబంలో పుట్టిన ఫిలిప్ ఎతియెన్ లాఫోస్ ఆయనకు ప్రధాన ప్రత్యర్థి. బూర్జెలా గుర్రపు తలను కొలమానంగా తీసుకొని శరీర నిష్పత్తులను లెక్కించే పద్ధతిని ప్రతిపాదించాడు. జీవించే గుర్రం ఇటువంటి రేఖాగణితానికి లొంగదని విమర్శకులు వాదించారు. విద్యాలయాలలో గుర్రానికి ఇచ్చిన ప్రాధాన్యం పాడిపశువులకు, గొర్రెలకు దక్కలేదన్న ఆక్షేపణ కూడా ఉంది.

1774లో ఫ్రాన్సు నైరుతి ప్రాంతంలో ముసర వ్యాధి చెలరేగినప్పుడు ప్రభుత్వం దాని నివారణ బాధ్యతను బూర్జెలాకు కాక, విక్ దాజీర్ అనే యువ వైద్యునికి అప్పగించింది. మందులతో ఫలితం లేదని గ్రహించిన విక్ దాజీర్, వ్యాధి సోకిన పశువులను వధించి, రాకపోకలను నిరోధించి, యజమానులకు పరిహారం ఇచ్చే విధానాన్ని అమలు చేయించాడు. ఏ వ్యాధి భయం పశువైద్య విద్యాలయాలకు ప్రాణం పోసిందో, ఆ వ్యాధికి విద్యాలయాల వద్ద చికిత్స లేదన్న సత్యం దీనితో స్పష్టమైంది. అయితే ఆ కఠిన చర్యలను గ్రామగ్రామాన అమలు జరపడానికి శిక్షణ పొందిన పశువైద్యుల సేవలు కూడా వినియోగపడ్డాయి.

1777 నాటి నియమావళి

మరణానికి రెండేళ్ల ముందు, 1777లో బూర్జెలా రాజ పశువైద్య విద్యాలయాల నియమావళిని ప్రచురించాడు. ఆయన జీవితకాలపు అనుభవానికి సారం వంటి గ్రంథం ఇది. విద్యార్థుల ఎంపిక, పాఠ్యక్రమం, ఉపాధ్యాయుల విధులు, క్రమశిక్షణ, చికిత్సాలయ నిర్వహణ ఇందులోని విషయాలు.

విద్యాలయాన్ని వదిలిన తరువాత పశువైద్యుడు ఎలా జీవించాలన్నది కూడా ఆయన చర్చించాడు. ఉత్తీర్ణుడు నిజాయితీతో పేరు తెచ్చుకోవాలని, చేసిన పనికి తగినంత ప్రతిఫలం మాత్రమే తీసుకోవాలని, పేదల పట్ల ఉదారంగా ఉండాలని, సంపాదించిన ఆస్తి కంటే చేయగలిగిన మేలే నిజమైన సంపద అని గుర్తించాలని ఉపదేశించాడు. వైద్యవృత్తిలో రుసుము, ప్రవర్తన, బాధ్యత వంటి విషయాలను శిక్షణలో భాగం చేయడం పశువైద్య రంగంలో దీనితోనే మొదలైందని చెప్పవచ్చు.

శిష్యపరంపర

లియోన్ విద్యాలయం ప్రారంభమైన కొద్దికాలానికే విదేశీయులు అక్కడికి రాసాగారు. డెన్మార్కు నుండి వచ్చిన పీటర్ క్రిస్టియన్ అబిల్‌గార్డ్ 1773లో కోపెన్‌హాగన్‌లో విద్యాలయాన్ని ప్రారంభించాడు. ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు పీటర్ హెర్న్‌క్విస్ట్ 1775లో స్వీడన్ దేశంలోని స్కారా పట్టణంలో అదే పని చేశాడు. ఇటలీలోని టురిన్ నగరంలో 1769లో విద్యాలయం స్థాపించిన బ్రున్యోనే కూడా ఈ పరంపరలోనివాడే. ఆస్ట్రియా రాణి మరియా తెరీసా పంపిన స్కోట్టి వియన్నాలో విద్యాలయాన్ని నిర్వహించాడు.

1791లో లండన్ నగరంలో ప్రారంభమైన పశువైద్య కళాశాలకు తొలి ఆచార్యుడు లియోన్ విద్యాలయంలో చదివిన వియల్ ద సాంబెల్. బ్రిటిషు పశువైద్య విద్యకు అది పునాది. బ్రిటిషు పాలనలో ఆ సంప్రదాయం భారతదేశానికి చేరింది. 1903లో ప్రారంభమైన మద్రాసు పశువైద్య కళాశాల ద్వారా నాటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలకు కూడా శిక్షితులైన పశువైద్యులు లభించారు.

మరణం, గుర్తింపు

బూర్జెలా 1779 జనవరి 3న పారిస్ నగరంలో మరణించాడు. ఆయన శిష్యుడు, కమ్మరి కుమారుడైన ఫిలిబేర్ షబేర్ తరువాత విద్యాలయాల సర్వాధికారి అయ్యాడు. కమ్మరి ఇంట పుట్టినవాడు రాజ విద్యాలయాలకు అధిపతి కావడమే బూర్జెలా పద్ధతికి ఉత్తమ నిదర్శనం.

ఆయన ఆశించినదంతా వెంటనే నెరవేరలేదు. ధ్రువపత్రం పొందినవారితో పాటు నాటువైద్యులు కూడా చికిత్స చేస్తూనే వచ్చారు. పశువైద్యం చేసే హక్కును పట్టభద్రులకు పరిమితం చేసే చట్టం ఫ్రాన్సు దేశంలో 1938లో గాని రాలేదు. లియోన్ విద్యాలయం 1970లలో నగర సమీపంలోని మార్సీ లెత్వాల్ గ్రామానికి తరలింది. ఆల్ఫోర్ విద్యాలయం స్థాపించిన చోటనే కొనసాగుతున్నది. అక్కడ బూర్జెలా విగ్రహం ఉన్నది.

లియోన్ విద్యాలయ స్థాపనకు 250 సంవత్సరాలు నిండిన సందర్భంగా 2011ను ప్రపంచ పశువైద్య సంవత్సరంగా జరుపుకొన్నారు. అదే 2011లో ముసర వ్యాధి భూమి మీద పూర్తిగా నిర్మూలమైనట్లు ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రకటించాయి. మశూచి తరువాత మానవ ప్రయత్నం వల్ల అంతరించిన రెండవ వ్యాధి ఇది. ఈ విజయాన్ని సాధించిన టీకా 20వ శతాబ్దానిది. దానిని పల్లెపల్లెకు తీసుకువెళ్లి, లెక్క రాసి, ఫలితాన్ని నివేదించిన శిక్షిత పశువైద్య వ్యవస్థకు మూలం మాత్రం గియోతియేర్ శివారులోని పాత సత్రంలో ఉన్నది.