ఇరవై మూడేళ్లకు వెలుగు చూసిన వీరగాథ – స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య



మన సంగం జాగర్లమూడి పిల్లలకు వాయుసేన అంటే ఎక్కడో ఢిల్లీలో ఉండే సంగతి కాదు. బాపట్ల దగ్గర సూర్యలంకలోనే వాయుసేన స్థావరం ఉంది. అందుకే ఈ సంచికలో ఒక యుద్ధ విమాన వీరుణ్ణి మీకు పరిచయం చేస్తున్నాం. ఆయన పేరు అజ్జమాడ బొప్పయ్య దేవయ్య.

దేవయ్య 1932 డిసెంబరు 24న కొడగులో, కొడవ కుటుంబంలో పుట్టారు. కొడవలు జనాభాలో తక్కువే. అయినా ఫీల్డ్ మార్షల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య వంటి సేనానులను దేశానికిచ్చిన జాతి అది. దేవయ్య 1954లో వాయుసేనలో పైలట్‌గా చేరారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చేనాటికి ఆయన కొత్త పైలట్లకు విమానం నడపడం నేర్పే గురువు. యుద్ధం కోసం ఒకటో నంబరు స్క్వాడ్రన్‌కు వచ్చారు.

1965 సెప్టెంబరు 7 తెల్లవారుజామున మన మిస్టేర్ విమానాలు పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరంపై దాడికి బయలుదేరాయి. అసలు జట్టులో ఉన్నవి పన్నెండు. దేవయ్య పేరు అందులో లేదు. ఎవరైనా ఆగిపోతే వెళ్లడానికి అదనంగా ఉంచిన పైలట్ ఆయన. ఒక విమానం ఆగిపోవడంతో ఆ స్థానంలోకి ఆయన వెళ్లారు.

అక్కడ పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ ఒకటి ఆయన మీదికి వచ్చింది. అది ధ్వనికి రెండింతల వేగంతో పోగల అమెరికా విమానం. మన మిస్టేర్‌కు అందులో సగం వేగం కూడా లేదు. శత్రువు కాల్పులకు దేవయ్య విమానం దెబ్బతింది. అయినా ఆయన తప్పుకోలేదు. వెనక్కి తిరిగి ఎదురు నిలిచి, ఆ స్టార్‌ఫైటర్‌ను కూల్చారు. దాని పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. మన దేవయ్య తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు.

ఆ పోరాటం మనవాళ్లెవరూ చూడలేదు. అందుకే రికార్డుల్లో ఆయన గల్లంతైన పైలట్‌గానే మిగిలిపోయారు. 1979లో ఒక బ్రిటిష్ రచయిత ఆ యుద్ధంపై రాసిన పుస్తకంలో పాకిస్తాన్ వైపు కథనం బయటికొచ్చింది. ఆ స్టార్‌ఫైటర్‌ను కూల్చింది ఒక మిస్టేర్ అని తెలిశాక, మన వాయుసేన లెక్కలు సరిచూసింది. అది దేవయ్య విమానమేనని తేలింది. 1988లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. ఆ పతకాన్ని ఆయన భార్య అందుకున్నారు. మడికేరిలో ఒక కూడలికి ఆయన పేరు పెట్టారు.

యువతకు మేము చెప్పదలచింది రెండు మాటలు. అదనపు మనిషిగా ఉన్నా సిద్ధంగా ఉండండి. పిలుపు ఏ ఘడియలో వస్తుందో తెలియదు. రెండోది, రాసి పెట్టకపోతే ఎంతటి సాహసమైనా మరుగున పడుతుంది. దేవయ్య పోరాటం శత్రువు వైపు వాళ్లు చెప్పుకున్నందువల్లే మనకు తెలిసింది. మన గూడేల్లో, మన పేటల్లో పెద్దలు చేసిన మంచి పనులు ఎన్నో నోటి మాటగానే ఉన్నాయి. వాళ్లు ఉండగానే అడిగి, పేరు, ఊరు, సంవత్సరంతో సహా రాసి పెట్టండి. ఆ పని ఇంకొకరు చేస్తారని ఎదురు చూడవద్దు.

వీరుడు దేవయ్యకు మన సంఘం తరఫున జోహార్లు!