మంచులో నిలిచిన తాటిచెట్టు: రాబర్ట్ ఫార్చ్యూన్ జీవితం

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుల జీవితం గురించి రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. నేను సరే అనేలోపే విశ్వేశ్వరయ్య గారిని ఒకరు, కాటన్ దొరను మరొకరు, ప్రకాశం పంతులు గారిని ఇంకొకరు తీసేసుకున్నారు. కొబ్బరి నర్సరీల్లో ముప్పై నాలుగేళ్లు సర్వీసు చేసినవాణ్ణి కనుక నేను ఒక తోటమాలిని ఎంచుకున్నాను. మన వైపు ఆయన పేరు అంతగా వినపడదు గాని, తోటల లోకంలో రాబర్ట్ ఫార్చ్యూన్ అంటే తెలియనివారు తక్కువ. మనం పొద్దున్నే తాగే టీతోనూ ఆయనకు సంబంధం ఉంది. అయితే నాకు ఆయన పరిచయమైంది టీ వల్ల కాదు, ఒక తాటిచెట్టు వల్ల.

2010 డిసెంబరులో మా అమ్మాయి పురుటికి నేనూ మా ఆవిడా ఇంగ్లండు వెళ్లాం. నూరేళ్లలో అంత చలి డిసెంబరు ఆ దేశం చూడలేదట. ఒకనాటి ఉదయం కిటికీ తెర తీసి చూద్దును గదా, ఎదురింటి ముందు అరడుగు మంచులో ఒక తాటిచెట్టు నిలబడి ఉంది! పదడుగుల ఎత్తు ఉంటుంది. విసనకర్రల్లాంటి ఆకులు, వాటి మీద మంచు. ప్లాస్టిక్ చెట్టు అయి ఉంటుందని మా ఆవిడతో అన్నాను. కొబ్బరికి కాస్త చలి తగిలితేనే ఎదుగుదల మందగిస్తుంది, నీరు గడ్డకట్టే చలిలో అసలు బతకదు. సర్వీసంతా రైతులకు చెప్పింది అదే. మనసు ఆగక బూట్లు వేసుకుని వెళ్లి మాను తాకి చూశాను. నిజమైన చెట్టే. కొబ్బరి మట్ట మొదట్లో జల్లెడగుడ్డలాంటి పీచు ఉంటుంది చూడండి, అటువంటిదే మానంతా గొంగళి కప్పినట్టు చుట్టుకుని ఉంది. ఆ ఇంటాయన కూడా రిటైరైన ఉద్యోగే. నన్ను చూసి బయటికి వచ్చి, లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చారు. ఆ టీ తాగుతుండగా ఆయన చెప్పిన పేరే ఫార్చ్యూన్. మా అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చి ఇస్తే ఆయన ప్రయాణాల పుస్తకాలు ఆ చలికాలమంతా చదివాను.

ఫార్చ్యూన్ 1812వ సంవత్సరం సెప్టెంబరు 16న స్కాట్లండులోని బెరిక్‌షైర్‌లో జన్మించారు. ధనవంతుల బిడ్డ కాదు, కాలేజీ చదువూ లేదు. ఊరి బడిలో చదివి, దగ్గరలోని ఒక జమీందారీ తోటలో పని నేర్చుకున్నారు. ఆ తర్వాత ఎడింబరో బొటానికల్ గార్డెన్‌లో విలియం మెక్‌నాబ్ అనే గట్టి పనిమంతుడి దగ్గర తర్ఫీదు పొందారు. 1842లో లండన్ పక్కన చిజిక్‌లో హార్టికల్చరల్ సొసైటీ తోటకు వచ్చి గాజు ఇళ్ల విభాగం చూసేవారు. అదే సంవత్సరం నల్లమందు యుద్ధం ముగిసి, నాన్‌కింగ్ ఒప్పందంతో చైనాలో అయిదు రేవులు బ్రిటిషువారికి తెరుచుకున్నాయి. అక్కడి మొక్కలు తెచ్చిపెట్టడానికి మనిషి కావలసివచ్చింది. సొసైటీ వారు ఫార్చ్యూన్‌ను 1843లో ఓడ ఎక్కించారు.

జీతం ఏడాదికి నూరు పౌన్లు. ప్రాణాపాయం ఉన్న దేశం గదా, తుపాకి ఇప్పించండని అడిగితే పైవారు మొదట ఒప్పుకోలేదు. ఆయన పట్టుబడితే చివరికి ఇచ్చారు. ఫైళ్ల మీద మనం పడిన పాట్లు గుర్తుకొచ్చి ఈ ఘట్టం దగ్గర నేను నవ్వుకున్నాను. ఆ తుపాకే ఆయన్ను కాపాడింది. జ్వరంతో నావలో పడుకుని ఉండగా సముద్రపు దొంగలు వెంటపడ్డారు. నావికులు చుక్కాని వదిలి పారిపోబోతే వారిని బెదిరించి నిలబెట్టి, దొంగల పడవ బాగా దగ్గరికి వచ్చేదాకా ఓపికపట్టి అప్పుడు కాల్చారు. తుపాకి వద్దన్నవారు ఆ రోజు ఆ నావలో ఉంటే బాగుండేది.

రేవు పట్టణాలు దాటి దూరం వెళ్లడం విదేశీయులకు నిషేధం. ఫార్చ్యూన్ తల గొరిగించుకుని, వెనక పొడవాటి జడ అతికించుకుని, చైనా దుస్తులు వేసుకుని లోపలి ఊళ్లకు వెళ్లేవారు. ఎవరైనా అనుమానిస్తే, మహాకుడ్యానికి అవతలి దూర రాష్ట్రం నుంచి వచ్చానని చెప్పేవారు. ఆ మొదటి ప్రయాణంలోనే చూసాన్ అనే ద్వీపంలో కొండవాలున ఆ తాటిజాతి చెట్టును చూశారు. చైనావారు దాని పీచుతో తాళ్లు పేనేవారు, వానకు కప్పుకునే గొంగళ్లవంటివి అల్లుకునేవారు. తాటాకు గొడుగుల కింద నాట్లు వేసిన మన పల్లెలవారికి అది వింతేమీ కాదు. కాని ఫార్చ్యూన్ దృష్టి మరొకదాని మీద పడింది. అక్కడి శీతాకాలంలో మంచు కురుస్తుంది. ఆ మంచులో పెరిగిన చెట్టు ఇంగ్లండులో మాత్రం ఎందుకు పెరగదు?

1846లో తిరిగి వచ్చి, చెల్సీలోని ఔషధ మొక్కల తోటకు క్యూరేటర్‌గా చేరి, మరుసటేడు ప్రయాణ గ్రంథం ప్రచురించారు. 1848లో ఈస్టిండియా కంపెనీ పిలిచింది. చైనా టీ మొక్కలనూ విత్తనాలనూ తెచ్చి హిమాలయ ప్రాంతపు తోటల్లో నాటించడం పని. జీతం ఏడాదికి అయిదు వందల పౌన్లు, అంటే ఏకంగా అయిదు రెట్లు. మన పే కమిషన్లేవీ అంత ఇవ్వలేదు. పైగా టీ తప్ప తాను సేకరించిన ఇతర మొక్కలు, విత్తనాలు తన సొంతానికి అమ్ముకోవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటలేను. ఆయన చేసింది దొంగతనమేనని చాలామంది రాశారు. చైనా ప్రభుత్వం వద్దన్న చోటికి మారువేషంలో వెళ్లి, ఒక జాతి తరతరాలుగా కాపాడుకున్న విద్యను మరో దేశపు వ్యాపారికి అప్పగించడం ధర్మమని నేనూ అనను. పచ్చ టీ, నల్ల టీ వేరువేరు మొక్కల నుంచి వస్తాయనే యూరపువారి నమ్మకం తప్పనీ, మొక్క ఒక్కటే, ఆకును తయారుచేసే పద్ధతే వేరనీ నిరూపించిన వారిలో ఆయన ముఖ్యుడు. ఎగుమతి చేసే పచ్చ టీకి రంగు కోసం నీలిమందులాంటి రసాయనం కలపడం కళ్లారా చూసి లోకానికి చెప్పారు. ఆ మేలు, ఈ కీడు రెండూ ఒకే మనిషివి.

టీ విత్తనం నేల బయట ఎక్కువ కాలం బతకదు. సంచుల్లో పెట్టి, పొడిమట్టి కలిపి, రకరకాలుగా పంపి చూశారు. మొలిచినవి కొద్దే. సర్వీసు తొలినాళ్లలో నేను రెండు లారీల కొబ్బరి మొక్కలకు గాలాడకుండా టార్పాలిన్ కప్పించి మిట్టమధ్యాహ్నం పంపి, సగం చంపి, మెమో తీసుకున్నవాణ్ణి. అందుచేత ఆయన బాధ నాకు బాగా తెలుసు. ఆయన కనిపెట్టిన ఉపాయం చూడండి. లండన్ డాక్టరు వార్డ్ గారు తయారుచేసిన గాజు పెట్టెలు అప్పటికే ఉన్నాయి. మూత బిగిస్తే లోపలి తేమ పగలు ఆవిరై, గాజుకు తగిలి నీరై, మళ్లీ మట్టిలోకే దిగుతుంది. ఓడ మీద మంచినీళ్లు పోయనక్కరలేదు, ఉప్పుగాలి తగలదు. ఆ పెట్టెల్లో మల్బరీ మొక్కలు నాటి, వాటి మొదళ్ల చుట్టూ టీ విత్తనాలు పరిచి, పైన పలచగా మట్టి కప్పారు. ప్రయాణంలోనే విత్తనాలు మొలకెత్తాయి. 1851లో కలకత్తా చేరి, గంగ మీదుగా అలహాబాదుకు, అక్కణ్ణించి బండ్ల మీద సహరాన్‌పూర్‌కు చేరేసరికి పన్నెండు వేలకు పైగా టీ మొక్కలు లెక్కకు వచ్చాయి. చైనా నుంచి టీ పనివారిని కూడా వెంట తెచ్చారు. మన దేశపు టీ అంతా ఆయన చలవే అనడం మాత్రం పొరపాటు. అస్సాంలో టీ మొక్క అంతకుముందే అడవిలో ఉంది, ఈనాటి టీలో ఎక్కువ భాగం ఆ జాతిదే. డార్జిలింగు, కాంగ్రా వైపు చైనా జాతి నిలిచింది.

ఈ టీ డ్యూటీ మీద తిరుగుతున్న రోజుల్లోనే, 1849లో, ఆయన తన పాత తాటిచెట్టును మరిచిపోకుండా కొన్ని మొక్కలను లండన్‌లోని క్యూ తోటకు పంపారు. ఒకదాన్ని విక్టోరియా రాణి గారి ఆస్‌బోర్న్ భవనం తోటకు అందజేయమని కోరారు. తమాషా ఏమిటంటే, తాటిజాతి చెట్ల కోసమే క్యూలో ఇనుముతో, గాజుతో బ్రహ్మాండమైన భవనం కట్టి, పొయ్యిలతో వేడిచేసే ఏర్పాటు చేసి, అంతకుముందు ఏడాదే పూర్తిచేశారు. ఆ వెంటనే గాజిల్లు అక్కరలేని తాటిచెట్టు వచ్చింది! దాన్ని ఆరుబయట నాటి చూశారు. బతికింది. న్యాయంగా చెప్పాలంటే, జపాన్ నుంచి సీబోల్డ్ అనే డాక్టరు 1830లోనే ఈ జాతిని హాలండుకు తెచ్చారు. కాని దాని చలి సత్తువను ఇంగ్లండుకు రుజువు చేసింది ఫార్చ్యూన్ మొక్కలే. తర్వాత శాస్త్రజ్ఞులు దానికి ఆయన పేరే పెట్టారు. నేటికీ దాని శాస్త్రీయ నామం ట్రాకికార్పస్ ఫార్చ్యూనై. అయిదు వందల పౌన్ల జీతం తీసుకుని చేసిన టీ పనిలో ఆయన పేరు లేదు. ఎవరూ అడగకుండా చేసిన ఈ పనిలో ఉంది.

ఎదిగిన చెట్టు సున్నాకు పది, పదిహేను డిగ్రీల దిగువ చలిని కూడా కొంతకాలం తట్టుకుంటుంది. పిల్ల మొక్కకు అంత ఓర్పు లేదు. అందుకే వసంతంలో నాటి, చలి వచ్చేలోపు వేళ్లు పట్టనిస్తారు. నీరు నిలవని నేల, ఈదురుగాలికి అడ్డుగా ఒక గోడ ఉండాలి. మరీ చలి ప్రాంతాల్లో ఆకులన్నీ పైకి కూడదీసి కట్టి, మొదట్లో ఎండుగడ్డి పరుస్తారు. ఆకులు మాడితే కొత్తవి వస్తాయి. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. కొబ్బరికైనా, తాటికైనా, చైనా తాటికైనా ప్రాణం ఆ ఒక్క మొవ్వులోనే ఉంది. చలి కంటే ఆ మొవ్వులో నిలిచిన తడి ఎక్కువ చెరుపు చేస్తుంది.

మా ఎదురింటాయన చెట్టుకు ఆ ముప్పే వచ్చింది. 2011 మార్చిలో, మేము తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా, ఆయన దిగులుగా మా గుమ్మంలోకి వచ్చారు. నడిమి ఆకు లాగితే ఊడి చేతికొచ్చిందట, మొదలు కుళ్లి వాసన వేస్తోందట. రిటైరైన రోజున భార్యాభర్తలు కలిసి నాటిన చెట్టు అది. ఆవిడ అంతకు రెండేళ్ల క్రితం పోయారు. కొబ్బరి మొవ్వు కుళ్లుకు మనం చేసే వైద్యమే చేయించాను. నిచ్చెన వేసి, కుళ్లిందంతా శుభ్రంగా తీసి, మొవ్వులో బోర్డో మిశ్రమం పోసి, వాన పడకుండా పైన ఒక రేకు కట్టాం. డెబ్బై దాటిన ఇద్దరం నిచ్చెన ఎక్కితే మా అమ్మాయి పెట్టిన కేకలు వీధంతా వినపడ్డాయి. బతుకుతుందని నేను మాట ఇవ్వలేదు.

ఫార్చ్యూన్ 1853లో మళ్లీ చైనా వెళ్లారు. 1858లో అమెరికా ప్రభుత్వం కోసం టీ విత్తనాలు సేకరించారు. ఆ తర్వాత జపాన్ చూశారు. 1862లో తిరుగుడు ముగించి ఇంటికి చేరి, పద్దెనిమిదేళ్ల విశ్రాంత జీవితం గడిపారు. నాలుగు ప్రయాణ గ్రంథాలు రాశారు గాని అందులో భార్య జేన్ గురించి, పిల్లల గురించి వెతికినా దొరకదు. ఏళ్ల తరబడి ఆవిడ ఒక్కతే సంసారం ఈదింది. ఆవిడ వైపు నుంచి ఎవరూ రాయలేదు. 1880 ఏప్రిల్ 13న లండన్‌లో కన్నుమూశారు. బ్రాంప్టన్ శ్మశానవాటికలో సమాధి ఉంది.

ఆయన చెట్టు ఇప్పుడు మరో తంటా తెచ్చింది. స్విట్జర్లాండు దక్షిణాన టిచీనో ప్రాంతంలో శీతాకాలాలు మెత్తబడి, తోటల్లో నాటిన ఈ తాటి అడవుల్లోకి పాకి స్థానిక మొక్కలను అణచేస్తోంది. 2024 సెప్టెంబరు నుంచి ఆ దేశంలో దాని అమ్మకాన్ని నిషేధించారు.

ఎదురింటి చెట్టుకు ఆ ఏడాది జూన్ దాకా ఏ కదలికా లేదని మా అమ్మాయి ఫోనులో చెబుతూ వచ్చింది. జూలైలో మొవ్వులోంచి సగం మాడిన ఆకు ఒకటి వంకరగా పైకి వచ్చింది, దాని వెనక మంచి ఆకు. ఇప్పుడు చెట్టు ఇంటి చూరును అందుకుంది. మొన్న పంపిన ఫోటోలో పసుపుపచ్చ పూల గెలలు వేలాడుతున్నాయి. అది పోతు చెట్టు, కాయలు కాయవు.