చువ్వను మెలితిప్పిన మనిషి

మా డాబాకి స్లాబు పోసే ముందురోజు నేనో ఘనకార్యం చేశాను. తెచ్చిన ఇనప చువ్వలు వానకి తుప్పు పడతాయేమోనని, ఆయిలింజను లోంచి తీసిన పాత నూనె గుడ్డతో వాటికి పట్టించాను. మేస్త్రి చూసి నెత్తి కొట్టుకున్నాడు. నూనె పూస్తే కాంక్రీటు ఇనుమును పట్టుకోదట! పొద్దుగూకేదాకా గోనెపట్టాతో నాచేతే తుడిపించాడు. ఆ ఉక్రోషంతో కాలేజీ లైబ్రరీలో ఈ పట్టు సంగతేమిటో వెతుకుతుంటే తగిలినవాడు ఎర్నెస్ట్ రాన్సమ్.

ఆయనది ఇంగ్లండులోని ఇప్స్‌విచ్. నాగళ్ళు చేసే కార్ఖానా వాళ్ళ వంశం. తండ్రి ఫ్రెడరిక్ కృత్రిమ శిల తయారీకి 1844లో పేటెంటు పొందాడు. కొడుకు అమెరికా వెళ్ళి శాన్‌ఫ్రాన్సిస్కోలో కాంక్రీటు పనిలో దిగాడు.

కాంక్రీటు ఎంత బరువు పెట్టినా ఓర్చుకుంటుంది గానీ, లాగితే పగులుతుంది. ఆ లాగుడును ఓర్చుకోడానికే లోపల చువ్వ. కానీ ఆ చువ్వ లోపలే జారిపోతే ఉండీ ఏం లాభం? నున్నని చువ్వను సిమెంటు అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ అంటు ఒక్కసారి విడిందంటే మిగిలేది రాపిడి మాత్రమే. తడినేలలో పాతిన నున్నటి గుంజను గేదె ఎంత సులువుగా పెరుక్కుపోతుందో పల్లెటూరివాళ్ళకి చెప్పక్కర్లేదు.

రాన్సమ్ నాలుగు పలకల చువ్వను తీసుకుని, కాల్చకుండా చల్లగానే తాడు పేనినట్టు మెలితిప్పాడు. ఆ మెలికల్లో కాంక్రీటు కూరుకుని గట్టిపడితే, చువ్వ కదలాలంటే కాంక్రీటును చీల్చుకునే కదలాలి. దీనికి 1884లో పేటెంటు వచ్చింది. కాలిఫోర్నియాలో సాంకేతిక సంఘం వారి ముందు పెడితే మాత్రం పెద్దలంతా నవ్వేశారట. మెలితిప్పితే ఇనుము చెడిపోతుందని వాళ్ళ వాదన. దాదాపు ముప్ఫై ఏళ్ళకి, 1912లో వేసిన పుస్తకంలో కూడా ఆ నవ్వు సంగతి రాసుకున్నాడంటే, ఎంత గుచ్చుకుందో మరి!

ఆయన వాదించలేదు, కట్టాడు. 1889లో గోల్డెన్ గేట్ పార్కులో ఆల్వర్డ్ లేక్ వంతెన, 1891లో స్టాన్‌ఫర్డ్ మ్యూజియం. 1906 ఏప్రిల్ 18న భూకంపం శాన్‌ఫ్రాన్సిస్కోను నేలమట్టం చేసింది. వంతెన చెక్కుచెదరలేదు. మ్యూజియంలో తర్వాత ఇటుకతో చేర్చిన భాగాలు చాలావరకు కూలాయి, రాన్సమ్ కట్టిన నడిమి భాగం నిలబడింది. సిన్సినాటిలో 1903లో లేచిన పదహారంతస్తుల ఇంగాల్స్ భవనం కూడా ఆయన పద్ధతిలో కట్టిందే.

అయితే నవ్వినవాళ్ళది పూర్తిగా తప్పా అంటే, నేననుకోవటం కాదు. చల్లగా మెలితిప్పితే ఉక్కుకు బలం పెరిగేమాట నిజం, కానీ సాగే గుణం తగ్గుతుంది. మన ఊళ్ళలో ఒకప్పుడు ప్రతి స్లాబులోనూ వాడిన టోర్ స్టీలుదీ అదే సంగతి. అందుకే దాని చోటులోకి మెలిక లేని టీయంటీ చువ్వలు వచ్చాయి. వాటికి ఒంటిమీద గట్లుంటాయి. చువ్వ కాస్త జారబోగానే ఆ గట్లు కాంక్రీటుకు అడ్డంపడి నిలేస్తాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డఫ్ ఏబ్రమ్స్ దిమ్మల్లోంచి చువ్వల్ని లాగి, జారుడును కొలిచి 1913లో లెక్కలు ప్రకటించాడు. మెలిక పోయింది గానీ, చువ్వకు పట్టు కావాలన్న రాన్సమ్ ఆలోచన ఆ గట్లలో ఉండిపోయింది.

ఆయన 1917లో పోయాడు. ఆల్వర్డ్ లేక్ వంతెన కింద జనం ఇప్పటికీ నడుస్తున్నారు.

మా డాబా సంగతంటారా? ఈశాన్యం మూల రెండు చువ్వలు సరిగా తుడవలేదేమోనని నాకింకా అనుమానమే. గట్టి వాన పడ్డప్పుడల్లా మంచం అటు పక్క వెయ్యనివ్వను. ఎందుకని అమ్మ అడిగితే మటుకు చెప్పలేదు.