సి. మహదేవన్

ఆచార్య సి. మహదేవన్ (1901 - 1962) ప్రముఖ భారతీయ భూగర్భ శాస్త్రవేత్త, సి.వి. రామన్ శిష్యుడు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర విభాగానికి అధ్యక్షుడుగా పనిచేశాడు. తూర్పు తీరపు ఇసుకను, సముద్రపు అడుగున ఉన్న బురదను శాస్త్రీయంగా పరిశీలించిన తొలితరం పరిశోధకులలో ఈయన ముఖ్యుడు.

తొలి పరిశోధనలు

మహదేవన్ 1920వ దశకంలో కలకత్తాలో రామన్ వద్ద పరిశోధనలు చేశాడు. కార్డియరైటు అనే ఖనిజంలో కనిపించే రంగు వలయాలపై 1927లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఖనిజంలో చిక్కుకున్న రేడియోధార్మిక రేణువులు తమ చుట్టూ కలిగించే మార్పులే ఈ వలయాలు. ఆ తరువాత బొగ్గులోని మెరిసే పొరలను, మసక పొరలను ఎక్స్-కిరణాలతో పరీక్షించాడు. బొగ్గు పూర్వకాలపు వృక్షజాలం నుండి ఏర్పడిన సేంద్రియ పదార్థమే. అనంతరం హైదరాబాదు సంస్థానపు భూగర్భ సర్వే శాఖలో చేరి, గుల్బర్గా ప్రాంతంలోని భీమా శ్రేణి శిలలను అధ్యయనం చేశాడు.

విశాఖపట్నంలో

1940వ దశకంలో మహదేవన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. విశాఖపట్నం జిల్లా సముద్రతీరపు ఇసుకలో మోనజైటు ఉన్నదని తెలుపుతూ శ్రీరామదాస్‌తో కలసి 1948లో వ్యాసం ప్రచురించాడు. మోనజైటు నుండి థోరియం లభిస్తుంది కనుక, అణుశక్తిపై దేశం దృష్టి సారించిన ఆ రోజులలో ఈ పరిశోధనకు ప్రాధాన్యం ఉండేది. ఈ తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మనైటు, మాగ్నటైటు అనే ఇనుప ఖనిజాలు కూడా ఉన్నాయి. తూర్పు కనుమల శిలలు శిథిలమైనపుడు విడివడిన బరువైన రేణువులివి. అలలు తేలిక ఇసుకను తీసుకుపోగా ఇవి ఒడ్డున మిగిలిపోతాయి.

అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1952-53లోను, 1955-56లోను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. ఆ కాలంలో బంగాళాఖాతంలో విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. తూర్పు తీరపు సముద్రగర్భ అవక్షేపాలపై మహదేవన్, ఎం. పూర్ణచంద్రరావు చేసిన అధ్యయనం 1954లో వెలువడింది. అవే అవక్షేపాలలోని సేంద్రియ పదార్థంపై విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఎం. సుబ్బారావు 1960లో వ్యాసం ప్రచురించాడు.

ఇనుము, సేంద్రియ పదార్థం

మహదేవన్ పనిచేసిన తీరంలో ఇనుము వేర్వేరు రూపాలలో కనిపిస్తుంది. ఈ తేడాకు ఒక ముఖ్య కారణం సేంద్రియ పదార్థం. దీని వివరాలు చాలావరకు ఆయన మరణానంతరం జరిగిన పరిశోధనల వలన తెలిశాయి.

శిలల నుండి విడుదలైన ఇనుము గాలి, నీరు తగిలినపుడు మొదట ఫెర్రిహైడ్రైటు అనే, స్ఫటిక నిర్మాణం సరిగా ఏర్పడని పదార్థంగా మారుతుంది. కాలక్రమేణా ఇది ఎర్రని హెమటైటుగా గాని, పసుపు-గోధుమ రంగు గోథైటుగా గాని మారుతుంది. ఆకులు, వేళ్ళు కుళ్ళగా ఏర్పడే హ్యూమిక్ ఆమ్లాలు ఇనుమును పట్టి ఉంచి, ఫెర్రిహైడ్రైటు రేణువుల ఉపరితలాన్ని కప్పుతాయి. అందువలన స్ఫటికీకరణ మందగిస్తుంది. హెమటైటు కంటే గోథైటు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. సేంద్రియ పదార్థం తక్కువగా ఉండి, వేడి, పొడి కాలం దీర్ఘంగా ఉన్నచోట హెమటైటు బలపడుతుంది. విశాఖపట్నం - భీమునిపట్నం మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బల రంగుకు ఇసుక రేణువులపై ఉన్న హెమటైటు పూతే కారణం.

నీరు నిలిచిన నేలలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. అక్కడ గాలి ఆడదు. సేంద్రియ పదార్థాన్ని ఆహారంగా తీసుకునే సూక్ష్మజీవులు ఆక్సిజనుకు బదులు ఇనుప ఆక్సైడులను వాడుకొని, ఇనుమును నీటిలో కరిగే రూపానికి మారుస్తాయి. ఉప్పునీటి సల్ఫేటు కూడా ఉంటే నల్లని ఐరన్ సల్ఫైడు, ఆపై పైరైటు ఏర్పడతాయి. కంచరపాలెం సమీపంలోని విశాఖపట్నం లోపలి రేవును పోటునీటి చిత్తడి నేలను తవ్వి నిర్మించి 1933లో ప్రారంభించారు. ఇటువంటి చిత్తడి నేలలు పైరైటు ఏర్పడటానికి అనుకూలమైనవి. పైరైటు ఉన్న బురదను తవ్వి గాలికి వదిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టి కాంక్రీటును, ఇనుమును తినివేస్తుంది.

ఈ సంబంధం వ్యవసాయానికి కూడా ముఖ్యమైనది. స్ఫటికీకరణ పూర్తికాని ఇనుప ఆక్సైడులు ఫాస్ఫేటును గట్టిగా పట్టి ఉంచుతాయి. సేంద్రియ పదార్థాన్ని సైతం తమకు అంటిపెట్టుకొని త్వరగా కుళ్ళిపోకుండా కాపాడతాయి. అంటే సేంద్రియ పదార్థం ఇనుప ఖనిజం ఎదుగుదలను ఆపితే, ఆ ఖనిజమే తిరిగి నేలలోని కర్బనాన్ని నిలుపుతుంది.

స్మృతి

మహదేవన్ 1962లో మరణించాడు. తూర్పు తీరానికి ఆవల సముద్రగర్భంలో ఉన్న మూడు లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లతో లఫాండ్ 1964లో వ్యాసం ప్రచురించాడు. ఆ విధంగా ఈయన పేరు బంగాళాఖాతపు అడుగున ఒక లోయకు నిలిచింది.