శిస్తు తగ్గించమన్న కలెక్టరు: థామస్ మన్రో

పిల్లలూ, బదిలీలు మన ఇళ్లకే కాదు, రెండు వందల ఏళ్ల కిందటి కలెక్టరుకూ తప్పలేదు.

థామస్ మన్రో 1761లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. బారామహల్, కెనరా ప్రాంతాల్లో పనిచేశాక 1800లో దత్తమండలాలకు, అంటే నేటి రాయలసీమకు, కలెక్టరయ్యాడు. గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు. పొలాలన్నీ కొలిపించి, నేలను బట్టి శిస్తు కట్టించాడు.

శిస్తు ఎవరు కట్టాలన్నదే అప్పటి పెద్ద వాదన. బెంగాల్లోలా జమీందారే వసూలు చేసి కట్టాలని చాలామంది అధికారులు అన్నారు. మధ్యవర్తి వద్దు, రైతే నేరుగా కట్టాలని మన్రో వాదించాడు. అదే రైతువారీ పద్ధతి.

కానీ మధ్యవర్తి పోయినంత మాత్రాన భారం తగ్గదు. కంపెనీకి రాబడే ముఖ్యం. రైతుల మీద శిస్తు ఎక్కువగా ఉందని, దాన్ని నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రో సిఫారసు చేశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఆయన స్వదేశం వెళ్లాక ఊళ్లను గుత్తకిచ్చారు. గుత్తదారులు చాలామంది దివాలా తీశారు.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాడు. రైతువారీ మళ్లీ అమలైంది, శిస్తూ కొంత తగ్గింది. 1827 జూలై 6న, సీమ పర్యటనలోనే, పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.

పన్ను ఎవరు కట్టాలన్నది సగం ప్రశ్నే. కట్టేవాడు ఎంత మోయగలడన్నది మిగతా సగం.